ఒకే పేరున్న రెండు క్రిములు

నేను అన్న ఒక్క మాట వల్ల పుంగనూరు దగ్గర ఒక పల్లెలో ఒక పెద్దామె పాలు కొనేవాళ్లు లేకుండా పోయారు. నేనేమీ అబద్ధం చెప్పలేదు. పూర్తిగా తెలుసుకోకుండా చెప్పాను, అంతే. దాన్ని సరిదిద్దుకోవడానికి కుప్పం దాకా రెండుసార్లు వెళ్లి రావలసి వచ్చింది.

మదనపల్లెలో ఒక ఆసుపత్రి ల్యాబులో నేను టెక్నీషియన్‌ను. ఇరవై ఏళ్లు దాటింది. మా అమ్మ ఇలాంటి ఆసుపత్రి వార్డుల్లోనే ఆయాగా పనిచేసి నన్ను చదివించింది. రక్తం, చీము, మూత్రం ఏది వచ్చినా అందులో క్రిమి ఉందేమో పెంచి చూడడం నా పని. చదువు రానివాళ్లకు చెప్పాలంటే, పాలు తోడు వేసినట్టే. ఎర్రటి రక్తం కలిపిన జెల్లీ పళ్లెంలో ఒక చుక్క వేసి, వెచ్చగా ఉండే పెట్టెలో పెడితే, క్రిమి ఉంటే మరుసటి రోజుకు చుక్కలు చుక్కలుగా లేస్తుంది. ఏ చుక్క ఏ క్రిమిదో కనిపెట్టి, ఏ మందుకు చస్తుందో చూసి చీటీ రాసి పంపుతాం.

ఆ ఏడాది వానాకాలంలో పిల్లల వార్డు నుంచి పన్నెండు రోజుల ఆడబిడ్డ రక్తం వచ్చింది. జ్వరం, పాలు పట్టడం లేదు, ఏడుపు మూలుగులా ఉంది అని చీటీలో రాసి ఉంది. మరుసటి రోజు వెన్నునీరు కూడా పంపారు. రెండింటిలోనూ ఒకటే క్రిమి వచ్చింది. సూక్ష్మదర్శినిలో చూస్తే పూసల దండల్లాగా ఉండే జాతి, స్ట్రెప్టోకాకస్. అందులో గ్రూప్ బి అనే రకమా కాదా తేల్చడానికి మాకొక పాత పరీక్ష ఉంది. పళ్లెం మీద వేరే క్రిమితో ఒక గీత గీసి, దానికి అడ్డంగా, తాకీ తాకకుండా దీన్ని గీస్తాం. ఆ రెండు గీతలు దగ్గరైన చోట రక్తం కరిగి బాణం మొనలా తెల్లబడితే అదే. ఆ రోజు బాణం మొన చక్కగా వచ్చింది. వార్డు డాక్టరుకు ఫోన్ చేసి చెప్పాను. మందు అప్పటికే మొదలుపెట్టి ఉన్నారు, సరిగ్గా ఆ క్రిమికి పనిచేసేదే. బిడ్డ బతుకుతుందన్న నమ్మకం డాక్టరు గొంతులో ఉంది కానీ, ఆ మాట పైకి అనలేదు.

వార్డు బయట బెంచీ మీద బిడ్డ అవ్వ కూర్చుని ఉండేది. అవ్వ అంటే ముసలామె కాదు, నా ఈడు మనిషే. కూతురిని కాన్పుకు పుట్టింటికి తెచ్చుకుంది. నేను టీ తాగడానికి వెళుతుంటే చేయి పట్టుకుని ఆపింది.

“రక్తం సూసింది నువ్వేనంట గదమ్మా. ఏముండాది ఆ రక్తంలో?”

డాక్టరు గారిని అడగమన్నాను. ఆమె వినలేదు. తన మనసులో ఉన్నదంతా నా ముందు కక్కేసింది. కాన్పయ్యాక కూతురికి రెండు మూడు రోజులు పాలు పడలేదట. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే చూడలేక, పక్కింటి ఆవు పాలు తెచ్చి, నీళ్లు కలిపి ఉగ్గుగిన్నెతో పోసిందట. ఆ ఆవుకు పొదుగువాపు ఉందని పశువుల డాక్టరు చెప్పిన సంగతి తర్వాత తెలిసిందట.

“పొయ్యి మీద పెట్టి కాంచను గూడా లేదమ్మా. అప్పుడే పిండిన పాలు మంచివని పోసేస్తిని. ఆ పాలే నా బిడ్డను ఇట్ల సేసినాయి. రేపు తెస్తా, ఒకతూరి సూడు.”

పక్కరోజు చిన్న స్టీలు డబ్బాలో పాలు తెచ్చింది. ఆ పాలను పరీక్షించమని ఏ డాక్టరూ రాయలేదు. నంబరు లేదు, చీటీ లేదు. అయినా తీసుకున్నాను. ఆమె మీద జాలి వల్లనే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నాకు ఉబలాటం. రెండో రోజు పళ్లెం బయటికి తీసి చూస్తే అవే చుక్కలు, అదే బాణం మొన. గొప్ప దొంగను పట్టుకున్నట్టు పొంగిపోయాను. మధ్యాహ్నం బెంచీ దగ్గరికి వెళ్లి, “మీరన్నది నిజమేనక్కా. ఆ పాలల్లో కూడా అదే క్రిమి ఉంది” అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపింది. నేను లోపలికి వచ్చి, పని అయిపోయింది కదా అని ఆ పళ్లేన్ని మిగతా చెత్తతో పాటు ఉడికించి పారేశాను.

మూడు వారాలు మందు పడ్డాక బిడ్డ కోలుకుంది. ఇంటికి వెళ్లిపోయారు. నేనూ ఆ సంగతి మరిచిపోయాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు, పొద్దున పదకొండు గంటలప్పుడు, రిపోర్టులిచ్చే కిటికీ దగ్గర ఒక పెద్దామె వచ్చి నిలబడింది. అరవై దాటి ఉంటాయి. చేతిలో చీటీ లేదు.

“చీటీ ఇవ్వండి పెద్దమ్మా” అన్నాను.

“సీటీ లేదమ్మా. నేను పుంగనూరు కాడి నుంచి వస్తాండాను. ఆవుల్దాన్ని.” కిటికీ ఊచ పట్టుకుంది. “నా ఆవు పాలు తాగి సంటిబిడ్డ సచ్చేకాడికి వచ్చిందని నువ్వే సెప్పినావంట గదా?”

ఆమె గొంతు పెద్దది. క్యూలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. నేను బయటికి వచ్చి ఆమెను పక్కన ఉన్న వరండాలోకి తీసుకువెళ్లాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

ఆమెకు మూడు సీమావులు. భర్త పోయినప్పటి నుంచి వాటితోనే బతుకు. నేను అన్న మాట బిడ్డ అవ్వ నోట ఊరికి చేరింది. ‘మదనపల్లె ల్యాబులోనే తేలింది’ అన్నాక ఎవరు కాదంటారు? ఇళ్లవాళ్లు చెంబులు తేవడం మానేశారు. పాలు పోసే కేంద్రంలో కూడా కొన్నాళ్లు తేవద్దన్నారు. పితికిన పాలు దూడలకు తాగించి, మిగిలినవి కుడితి తొట్టిలో పోస్తోంది. అదంతా ఆమె మామూలుగానే చెప్పింది. తరువాతది చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గింది.

“ఆ బిడ్డ తల్లి పుట్టినప్పుడు కూడా కాళ్ల మీద బోర్లా పండుకోబెట్టుకుని నీళ్లు పోసింది నేనే. ఈ బిడ్డకూ జొరం వచ్చేదాకా నేనే పోస్తి. ఇప్పుడు నేను గోడ మీంచి సూస్తే బిడ్డ మీద గుడ్డ కప్పుతాండారమ్మా.”

నా వైపు ఒక అడుగు వేసింది.

“నిజమైతే సెప్పు. ఆ ఆవును సంతకు తోలేస్తా. కాకుంటే అదీ సెప్పు. నా ఆవేనా?”

అవును అనబోయాను. ఇరవై ఏళ్లు ఆ పని చేసిన మనిషికి ఆ ప్రశ్నకు జవాబు తెలియదని అప్పుడు అర్థమైంది. పాలల్లో ఉన్న క్రిమి పేరు, బిడ్డ రక్తంలో ఉన్న క్రిమి పేరు ఒకటేనని తెలుసు. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లిందని నేను ఎప్పుడు చూశాను?

“నాకు తెలీదు పెద్దమ్మా” అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. నిజంగానే అర్థంకాక అడిగింది. “తెలీకుండా యాల సెప్పినావమ్మా?”

మా ల్యాబు పెద్ద డాక్టరు గారు ఆ ఏడాది రిటైరు కావలసిన మనిషి. ఎవరినీ గట్టిగా అనరు. ఆమెను బస్సెక్కించి వచ్చి, ఆయన గదిలో నిలబడి జరిగిందంతా చెప్పాను. చీటీ లేని పాలు తీసుకున్న సంగతి కూడా దాచలేదు. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

“పేరొకటే అని చుట్టాలని చెప్పేసినావు. ఇంటిపేరు అడిగినావా?”

తర్వాత కూర్చోబెట్టి చెప్పారు. గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ ఆవుల్లోనూ ఉంటుంది, మనుషుల్లోనూ ఉంటుంది. కానీ అందులో ఎన్నో వంశాలు. కొన్ని తరతరాలుగా ఆవుల పొదుగుల్లోనే బతుకుతాయి, కొన్ని మనుషుల ఒంట్లో. అప్పుడప్పుడు ఇటువి అటు వెళ్లవని కాదు. వెళ్లిందీ లేనిదీ పళ్లెం మీద బాణం మొన చెప్పదు, క్రిమి డీఎన్ఏ చదివితేనే తెలుస్తుంది. కుప్పంలో ఒక కాలేజీ ల్యాబులో ఆ పని చేసే టీచరమ్మ ఉందని, చుట్టుపక్కల ఆసుపత్రుల్లో రోగుల రక్తంలో దొరికిన స్ట్రెప్టోకాకస్‌లను పోగుచేసి ఏది ఏ వంశానిదో, ఎక్కడి నుంచి ఎక్కడికి పాకుతోందో చూస్తోందని చెప్పారు. “నేను ఫోన్ చేస్తాను. క్రిములు నువ్వు తీసుకుపో. తల్లిది కూడా కావాల, బిడ్డలకు తల్లి దగ్గర నుంచి కూడా రావచ్చు. ఆ అమ్మాయికి అన్నీ చెప్పి, ఒప్పుకుంటేనే తీసుకోవాల.”

బిడ్డ రక్తంలో వచ్చిన క్రిమి నా దగ్గర భద్రంగానే ఉంది. రక్తంలో దొరికినవాటిని ఫ్రీజర్‌లో దాచడం మా పద్ధతి. తల్లి ఆ వారమే బిడ్డను చూపించుకోవడానికి వచ్చింది. కాన్పుల డాక్టరమ్మ విషయమంతా వివరిస్తే సరేనంది. నర్సమ్మ శాంపిల్ తీసి ఇచ్చింది. అందులోనూ గ్రూప్ బి పెరిగింది. ఇక ఆవుది కావాలి. నేను ఉడికించి పారేసిన పళ్లెం గుర్తొచ్చి నా చేతులను నేనే తిట్టుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి చీరతోనే పుంగనూరు బస్సెక్కాను. అక్కడి నుంచి రామసముద్రం వైపు వెళ్లే ఆటోలో పల్లెకు చేరేసరికి సాయంత్రం పాలు పితికే వేళ అయింది. ఆవులామె నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చి, ఆవు వెనక కాళ్లకు తాడు కట్టింది. ఎర్ర మచ్చల సీమావు అది. నేను ఒక్కో చన్నును స్పిరిట్ దూదితో తుడిచి, మొదటి ధార నేల మీద పోయించి, నాలుగు చన్నుల పాలు నాలుగు సీసాల్లో విడివిడిగా పట్టాను.

“నలభై ఏండ్లుగా పాలు పిండుతాండాను. ఇంత మడిగా ఎవురూ పిండించలేదు” అంది ఆమె. మొదటిసారి నవ్వడం చూశాను.

అయితే ఒక చిక్కు ఉంది. ఆవుకు పశువుల డాక్టరు వారం రోజులు మందు ఎక్కించి వెళ్లాడు. క్రిమి చచ్చిపోయి ఉంటే పోల్చడానికి ఏమీ మిగలదు. వెనక కుడి చన్ను పాలల్లో మాత్రం సన్నటి పెరుగు తునకల్లాంటివి కనిపించాయి. అటువైపు గోడ మీద నుంచి బిడ్డ అవ్వ మమ్మల్నే చూస్తోంది. నేను తలెత్తగానే లోపలికి వెళ్లిపోయింది.

మూడు సీసాల్లో ఏమీ పెరగలేదు. నాలుగో దానిలో చుక్కలు లేచాయి. ఆవుకు జబ్బు పూర్తిగా తగ్గలేదని సంతోషపడ్డదాన్ని బహుశా నేనొక్కదాన్నే అయి ఉంటాను.

మూడు క్రిములనూ మూడు పొరల డబ్బాలో పెట్టి, ఐసు సర్ది, సెలవు పెట్టి కుప్పం బయలుదేరాను. పుంగనూరు, పలమనేరు, వీ.కోట దాటుతున్న కొద్దీ బస్సులో మాట మారుతూ వచ్చింది. కొందరు తమిళం, కొందరు కన్నడం, అందరూ వాటిలో తెలుగు కలిపి. ఒళ్లో డబ్బా చూసి కండక్టరు, “చేపలామ్మా?” అన్నాడు. “కాదప్పా, ల్యాబు శాంపిళ్లు” అంటే, పక్క సీటాయన లేచి వెనక్కి వెళ్లి కూర్చున్నాడు.

కుప్పం టీచరమ్మ నాకంటే పదేళ్లు చిన్నది. చెప్పులు బయట విడిచి వెళ్లాలా అని తలుపు దగ్గర ఆగితే, “రండక్కా, లోపల వేరే చెప్పులు ఉన్నాయి” అంటూ తనే తెచ్చి ఇచ్చింది. క్రిములను తీసుకుని మూతల మీద రాసినవి చదివింది. ఒకటి బిడ్డ, ఒకటి తల్లి, ఒకటి ఆవు.

“ఎవరి తప్పో తేల్చడానికి తెచ్చినారా?” అని అడిగింది.

“కాదు” అన్నాను. మళ్లీ, “అవును” అన్నాను.

“ఇందులో తప్పు తెలీదక్కా. చుట్టరికం మాత్రం తెలుస్తుంది.”

కంప్యూటరు మీద ఆమె పోగుచేసినవాటి పటం చూపించింది. కొమ్మలు కొమ్మలుగా విడిపోయిన గీతలు, ప్రతి గీత చివరా ఒక చుక్క. ఒక్కో చుక్క ఒక్కో రోగి. కాలు వాచి వచ్చిన షుగరు రోగి ఒకాయన, కాన్పయ్యాక జ్వరం వచ్చిన ఒకామె, ఊపిరితిత్తుల్లో చీము చేరిన ముసలాయన. ఎవరి పేర్లూ లేవు. క్రిమి డీఎన్ఏలో అక్షరాలు ఎంత తక్కువ తేడాగా ఉంటే చుక్కలు అంత దగ్గరగా ఉంటాయట. ఒక ఊళ్లో ఒకే వంశం క్రిమి నలుగురిలో కనిపిస్తే, ఎక్కడో పాకుతోందని ముందే పట్టుకోవచ్చు. నేను ఇరవై ఏళ్లుగా చీటీల మీద రాస్తున్న పేరు వెనక ఇంత ఉందని నాకు తెలియదు. ఫలితం రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుందని చెప్పింది.

ఆ నాలుగు వారాలు ఆవులామె నాకు ఫోన్ చేస్తూనే ఉంది. చిన్న బటన్ల ఫోను. పలకరింపు లేదు, ఒకటే ప్రశ్న. “కుప్పమామె ఏమన్నా సెప్పిందా?” ఇంకా లేదనేదాన్ని. “సరే” అని పెట్టేసేది. ఒకసారి మాత్రం, “ఈపొద్దు బేరగాడొచ్చి ఆవును సూసిపోయినాడమ్మా. మల్లా వస్తానన్నాడు” అంది. ఇంకొక్క వారం ఆగమని బతిమాలాను. ఆవుదే అని తేలితే ఆమె బతుకు పోతుంది. కాదని తేలితే, ఇన్నాళ్లు ఆమె పడ్డదానికి జవాబుదారీ నేనే. ఎటు తిప్పినా నాకు తప్పించుకునే దారి లేదు. అయినా రెండోదే కావాలని ప్రార్థన చేశాను.

టీచరమ్మ ఫోన్ చేసి, “ఫలితం వచ్చిందక్కా. ఫోన్లో వద్దు, వచ్చి చూడండి. మాట ఎట్లా మారిపోతుందో మీకు తెలుసు కదా” అంది. ఆ మాట నాకు గుచ్చుకున్నా, పొద్దున్నే మొదటి బస్సెక్కాను.

తెర మీద పటంలో మూడు కొత్త చుక్కలు ఉన్నాయి. ఎర్రవి రెండు ఒకదాని మీద ఒకటి పడి, ఒకటే చుక్కలా ఉన్నాయి. పచ్చది ఎక్కడో, పటానికి అటు చివర, ఇంకో కొమ్మ మీద ఉంది.

“ఇది బిడ్డది, ఇది తల్లిది. రెండూ ఒకటే. ఆ పచ్చది ఆవుది. ఆ కొమ్మ మీద ఉన్నవన్నీ ఆవులవే, పోల్చడానికి వేరే ల్యాబుల నుంచి తెచ్చి పెట్టినవి. బిడ్డదానికీ దానికీ పేరు తప్ప ఏమీ కలవదు.”

స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆమె మంచినీళ్లు ఇచ్చింది. ఆవు కాదు. ఆ రెండు మాటలే మనసులో తిరుగుతున్నాయి. నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టేటప్పుడు ఇంకో సంగతి తట్టింది. ఆవు కాదని చెబితే, మరి ఎవరు అని అడుగుతారు. బిడ్డ తల్లి అత్తగారిల్లు కుప్పంలోనే. రేపు బిడ్డను తీసుకుని ఇక్కడికి కాపురానికి రావాలి. తల్లి నుంచే బిడ్డకు జబ్బు వచ్చిందని ఆ ఇంట్లో ఒక్క మాట పడితే, ఆవులామెకు జరిగింది ఈ పిల్లకు జరుగుతుంది.

టీచరమ్మతో ఆ మాటే అన్నాను. ఆమె తెర మీద ఎర్ర చుక్కల వైపు వేలు చూపింది. “తల్లి నుంచి అని కూడా ఖాయంగా చెప్పలేమక్కా. ఇద్దరి దగ్గరా ఒకటే ఉంది, అంతవరకే తెలుసు. ఎంతోమంది ఆడవాళ్ల ఒంట్లో ఇది ఊరికే ఉంటుంది, వాళ్లకు ఏమీ కాదు. నా ఒంట్లో ఉండొచ్చు, మీ ఒంట్లో ఉండొచ్చు. ఎక్కువమంది బిడ్డలకూ ఏమీ కాదు. అది ఆమె తప్పు ఎట్లా అవుతుంది? తెలిసినంతే చెప్పండి. ఒక్క ముక్క ఎక్కువ వద్దు.”

తిరిగి వస్తూ పుంగనూరులో దిగాను. దారిపొడవునా ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో మనసులో వల్లె వేసుకుంటూనే ఉన్నాను. మధ్యాహ్నం మూడైంది. నేరుగా బిడ్డ అవ్వ ఇంటికి వెళ్లాను. అరుగు మీద చిక్కుడుకాయలు వలుస్తోంది. కూతురు లోపల బిడ్డను ఊయలలో ఊపుతోంది. గోడ అవతలికి నేనే కేకేశాను. ఆవులామె కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, వాకిట్లోనే ఆగిపోయింది, లోపలికి రాలేదు.

“ఇద్దరూ వినండి” అన్నాను. “బిడ్డకు వచ్చిన క్రిమి ఆవుది కాదు. కుప్పంలో తేలింది. పేరొకటే కానీ రెండూ వేరే వేరే క్రిములు.”

బిడ్డ అవ్వే ముందు తేరుకుంది.

“నువ్వే గదమ్మా అప్పుడు సెప్పింది, అదే క్రిమి అని?”

“అవునక్కా. తప్పు నాదే. సగం తెలుసుకుని చెప్పేశాను. ఈ పెద్దమ్మకు నా వల్ల చాలా నష్టం జరిగింది.” ఆవులామె వైపు తిరిగి, “నన్ను క్షమించు పెద్దమ్మా” అన్నాను.

ఆమె వాకిట్లో అలాగే కింద కూర్చుండిపోయింది. కొంగుతో ముఖం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్లాను. ఏడుస్తూనే నవ్వుతోంది. “బేరగాడు రేపొస్తానన్నాడమ్మా” అంది. “రానీ. నాలుగు తిట్లు తిట్టి పంపిస్తా.”

“మరి బిడ్డకు యాడ నుంచి వచ్చింది?” అని అడిగింది అవ్వ. నేను భయపడిన ప్రశ్న అదే.

“మనుషుల ఒంట్లో ఊరికే ఉండే క్రిమి అక్కా. నాలో ఉండొచ్చు, నీలో ఉండొచ్చు. ఎవరికీ ఏమీ చేయదు. ఎప్పుడో, ఏ బిడ్డకో ఇట్లా తిరగబడుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. అయితే చంటిబిడ్డకు ఆవుపాలు పోయడం మంచిది కాదు, అందులోనూ పచ్చిపాలు. అది మాత్రం మరిచిపోవద్దు.”

అవ్వ తల దించుకుని చిక్కుడుకాయల వైపు చూసింది. క్షమించమని ఆవులామెను అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు. లేచి లోపలికి వెళ్లి మూడు గ్లాసుల్లో కాఫీ తెచ్చింది. ఒకటి తీసుకువెళ్లి వాకిట్లో ఆమె చేతికిచ్చింది. ఆవులామె ఒక గుక్క తాగి ముఖం వికారంగా పెట్టింది.

“ఇవేం పాలు మే? ప్యాకెట్టువా? ఇన్నాళ్లూ ఈ నీళ్లే తాగుతాండారా మీరు?”

గ్లాసు అక్కడే పెట్టి, గోడ అవతలికి వెళ్లి, ఇంకో ఆవు పాలు చెంబుతో తెచ్చింది. “బాగా కాంచు. పొంగినాక గూడా రోంతసేపు ఉడకనీ” అని నా వైపు చూసింది. మళ్లీ కాఫీ కలిపారు. అంత చిక్కటి కాఫీ నేను చాలా రోజులుగా తాగలేదు.

నేను బయలుదేరితే బాలింత ఆటో దాకా తోడు వచ్చింది. వీధి మలుపు తిరిగాక ఆగింది.

“మేడం, నా దగ్గర తీసిన శాంపిల్‌లో ఏమొచ్చింది?”

ఆమె శాంపిల్ గురించి తెలుసుకునే హక్కు ఆమెది. చెప్పాను. నీలో ఉన్నదీ బిడ్డకు వచ్చిందీ ఒకటే అన్నాను. ఖాయంగా నీ నుంచే వెళ్లిందని ఎవరూ చెప్పలేరు, వెళ్లి ఉన్నా అది నీ తప్పు కాదు అన్నాను. ఆమె ముఖం చూసే ధైర్యం లేక రోడ్డు వైపు చూస్తూ చెప్పాను. ఆమె పెద్దగా ఊపిరి వదిలింది.

“నాకు పాలు పడలేదు గదా మేడం. అందుకే అమ్మ ఆవుపాలు పోసింది. పాలు పడుంటే బిడ్డకు ఏమీ అయ్యుండదని దినామూ ఏడుస్తాంటి. అది కాదన్న మాట.”

ఇన్నాళ్లూ ఆ పిల్ల తన మనసులో ఏం మోస్తోందో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

“కాదు తల్లీ” అన్నాను.

“మళ్లీ కాన్పుకు?”

కుప్పంలో ఇచ్చిన రిపోర్టు ఆమె చేతిలో పెట్టాను. “ముందే డాక్టరమ్మకు చెప్పు, ఈ రిపోర్టు చూపించు. నొప్పులప్పుడు ఇంజెక్షన్ ఇస్తారు, బిడ్డను కనిపెట్టుకుని చూస్తారు. ఇప్పుడు నీకు తెలుసు కాబట్టి అదే నీకు బలం.”

“మా అత్తోళ్లకు సెప్పాల్నా?”

“అది నీ ఇష్టం. నా నోటి నుంచి మాత్రం రాదు.”

ఆమె నవ్వింది. రిపోర్టు మడిచి జాకెట్లో పెట్టుకుంది.

ఆ తర్వాతి సంగతులు నాకు ముక్కలు ముక్కలుగా తెలిశాయి. పెద్ద డాక్టరు గారు పాలకేంద్రం వాళ్లకు, పశువుల డాక్టరుకు లెటరు రాసిచ్చారు. ఇళ్లవాళ్లు ఒక్కసారిగా రాలేదు, ఒక్కొక్కరుగా చెంబులు తెచ్చుకున్నారు. ఒకరిద్దరు అసలు రాలేదు. ఆవు వెనక కుడి చన్ను ఎండిపోయింది. మూడు చన్నులతోనే సంసారం నడుపుతాండాదని ఆవులామె ఫోన్లో చెప్పింది.

వెన్నునీటిలో క్రిమి వచ్చిన బిడ్డలకు వినికిడి దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. అందుకని బిడ్డకు నాలుగో నెలలో చెవి పరీక్ష పెట్టారు. తల్లి, అవ్వ, ఆవులామె ముగ్గురూ వచ్చారు. బిడ్డను ఎవరు ఎత్తుకోవాలన్న దాని మీద పెద్దవాళ్లిద్దరికీ వరండాలోనే వాదన. నేను పని వదిలేసి తలుపు దగ్గర నిలబడ్డాను. నిద్రపోతున్న బిడ్డ తలకు తీగలు అంటించి, చెవిలో శబ్దాలు పంపి, మిషన్ మీద గీతలు చూశారు. అరగంట పట్టింది. పరీక్ష చేసిన అమ్మాయి బయటికి వచ్చి, “రెండు చెవులూ బాగా వినపడుతున్నాయి” అంది.

తల్లి గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. అవ్వ చేతులెత్తి మొక్కింది. నేను “ప్రభువా” అనుకున్నాను. ఆవులామె మాత్రం కోపంగా అందరి వైపూ చూసింది.

“నేను పిలిస్తే ఇట్ల తిరిగి సూస్తాండాదని నెల్నాళ్లుగా సెప్తాండాను. నా మాట ఎవురు విన్నారు?”

ఆమె గొంతుకు లోపల బిడ్డ ఉలిక్కిపడి లేచి ఏడుపందుకుంది. ముగ్గురూ ఒకేసారి లోపలికి పరుగెత్తారు.